గడప లోపలి చికిత్స

నొప్పికి కులం లేదనడం తేలిక. ఆ నొప్పి తగ్గించే మనిషి గడప దగ్గరికి వచ్చేసరికి కులం ముందే వచ్చి కూర్చుని ఉంటుంది. ఆసుపత్రిలో రోగి మంచం దగ్గర డాక్టరు మాట చెల్లుతుంది. ఇంటివద్ద అందే పాలియేటివ్ సేవలో, అంటే తీవ్రమైన జబ్బులో బాధ తగ్గించే సేవలో, ఇంటివాళ్ల మాటే చెల్లుతుంది. క్యాన్సర్ పుండు పగిలి వాసన వేస్తున్నప్పుడు నర్సు ఏం చేస్తుందో చూడండి. ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో పుండు కడుగుతుంది, వాసన తగ్గడానికి మెట్రోనిడజోల్ మాత్ర నూరి చల్లుతుంది, కట్టు కడుతుంది. అంటే పొయ్యి దగ్గరికి పోవాలి, బిందెలో చెంబు ముంచాలి, ఒంటిని తాకాలి. అంటరానితనం ఇప్పటికీ పట్టు వదలని చోట్లలో ఈ మూడూ ఉన్నాయి. ట్యాంకరు వస్తే తప్ప బిందె నిండని ఊళ్లో రెండోది ఇంకా కష్టం.

కేరళ 2008లోనే పాలియేటివ్ విధానం ప్రకటించింది. మలప్పురం లాంటి జిల్లాల్లో ఊరి వాలంటీర్లే దానికి ఆధారం. అదే పద్ధతిని అనంతపురానికి తెస్తే సరిపోదా అంటారు. ఇక్కడ ఏడాది మొత్తానికి కురిసే వాన ఐదారు వందల మిల్లీమీటర్లు. వేరుశనగ ఎండిన ఏట, వయసులో ఉన్నవాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. ఎస్సీ కాలనీలోనూ సుగాలీ తండాలోనూ ముసలివాళ్లు మిగులుతారు. తీరిక ఉండి వాలంటీరుగా పేరిచ్చేవాళ్లు ఊరి నడిమి ఇళ్లలో దొరుకుతారు. రోగుల జాబితా వాళ్లకు తెలిసిన వీధుల నుంచే మొదలవుతుంది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ అక్కర్లేదు. తండాకు వెళ్లినా, లంబాడీ తప్ప రాని అవ్వను సున్నా నుంచి పదిలో నొప్పి ఎంత అని తెలుగులో అడిగితే ఏం చెబుతుంది? మార్ఫిన్ మోతాదు చాలావరకు ఆ జవాబు మీదే ఆధారపడుతుంది మరి.

ముందు సేవంటూ ఉండనివ్వండి, సమానత్వం తర్వాత చూద్దాం అనేవాళ్లున్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. పాలియేటివ్ సేవ అవసరమైనవాళ్లలో 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మార్ఫిన్ అనుమతుల చిక్కు తగ్గించడానికి మన మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించాల్సి వచ్చింది. కానీ ఉన్నది కొంచెమే అయినప్పుడు అది దగ్గరివాళ్లకే చేరుతుంది. అందుకే మొదటి నెల నుంచే రిజిస్టరు తీసి, ఏ వాడలో ఎందరికి మార్ఫిన్ అందిందో చూడాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల సంగతి వేరు. వివక్షను నిషేధిస్తూ 2017లో చట్టం వచ్చినా, పాలియేటివ్ సేవ బోర్డున్న బండి వాకిట్లో ఆగితే చాలు, వీధి వీధంతా ఆరా తీస్తుంది. వాళ్ల దగ్గరికి సేవ పోవాలి గానీ, ఆ బోర్డున్న బండి పోకపోవడమే మేలు.

గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. పోయే ప్రాణానికి సంస్కరణ పాఠాలెందుకు, ఆ రోగి కోరిన నర్సునే పంపితే పోదా? మంచం పక్కన వాదన పెట్టుకోకూడదన్నంత వరకు ఒప్పుకుంటాను. ఒళ్లు తుడవడానికి ఆడ నర్సే కావాలని ఒక ముస్లిం స్త్రీ అడిగితే అది ఆమె మర్యాదకు సంబంధించినది, ఇవ్వాలి. ఫలానా కులం నర్సు వద్దనడం ఎదుటి మనిషి మర్యాద తీసేది. ఈ తేడా పేరు నమోదు చేసుకునే రోజే చెప్పాలి. అయినా గడప దగ్గర ఆపితే మందులు ఆపకూడదు, కట్టు కట్టడం ఇంటివాళ్లకు నేర్పవచ్చు. డ్యూటీ చార్టు మాత్రం మార్చకూడదు. ఆ సంగతి వెళ్లి చెప్పాల్సింది సూపర్‌వైజరు, గుమ్మం బయట నిలబెట్టిన ఆ నర్సు కాదు.