పిల్లలే వంతలు

ఇంటి దగ్గరే పిల్లలకు చరిత్ర చెప్పే శృంగవరపుకోట తల్లిదండ్రులు బుర్రకథ కథకుణ్ణి చూసి నేర్చుకోవాలి. భుజాన తంబుర, వేలికి అందె, చెరో పక్క గుమ్మెట వాయించే వంతలు. కాగితం ముట్టకుండా బొబ్బిలి యుద్ధం కథ గంటల తరబడి నడిపిస్తాడు. ఎంత సాధన!

కిటుకంతా వంతల దగ్గరుంది. కథకుడు చరణం పాడి ఆగగానే వాళ్ళు పల్లవి అందుకుంటారు. ఆ కాస్త వ్యవధిలో తరువాతి చరణం అతని నోటికొచ్చేస్తుంది. మధ్యలో వంత అడిగే ప్రశ్న కథను ముందుకు తోస్తుంది. ఇంట్లో అమ్మ కథకురాలైతే పిల్లలే వంతలు. 1757 జనవరి 24, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, కోటలో బొబ్బిలి రాజు రంగారావు, ఆ తరువాత డేరాలో విజయనగరం రాజు విజయరామరాజును పొడిచిన బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు. ఈ వరుసను రోజూ పాడించండి, మరిచిపోరు.

అయితే జనం పాడుకునే కథ బొబ్బిలి పక్షమే వహిస్తుంది. అందుకే కంఠతా వచ్చాక విజయనగరం వైపు నుంచి కూడా చెప్పించాలి. అసలు ప్రశ్నలు అప్పుడే మొదలవుతాయి. ఫ్రెంచివాళ్ళు ఇక్కడికెందుకొచ్చారు? నిజాం వాళ్ళకు సర్కారు జిల్లాలు ఎందుకిచ్చాడు?