నడిరేయి పాటకు పాఠాంతరములు

1944 ఆగస్టు 22వ తేదీన న్యూయార్కు నగరమున కూటీ విలియమ్స్ అను ట్రంపెట్ వాద్యకారుడు తన బృందముతో ఒక క్రొత్త పాటను గ్రామఫోను రికార్డునకు ఎక్కించెను. ఆ బృందమున పియానో వాయించుచుండిన బడ్ పవెల్‌కు అప్పటికి ఇరువదియేండ్లు నిండలేదు. కాని హార్లెమ్ పేటలోని మింటన్స్ ప్లేహౌస్‌లో రాత్రులు ప్రొద్దుపోవువరకు పియానో వాయించిన తన మిత్రుడు థెలోనియస్ మంక్ కట్టిన ఆ పాటను చేపట్టవలసినదేయని, వయస్సునను కీర్తియందును పెద్దవాడైన విలియమ్స్‌ను పట్టుపట్టి ఒప్పించినవాడు అతడే. 'రౌండ్ మిడ్‌నైట్' అను పేర నిలిచిన ఆ రచన, జాజ్ వాద్యకారులు స్వయముగా సమకూర్చిన రచనలలో ఇతరులు అత్యధికముగా రికార్డు చేసినదిగా నేడు ప్రసిద్ధి గాంచినది. ఏండ్ల తరబడి దీని పాఠాంతరములను వెదకి వెదకి వినుచు వచ్చిన నాకు, జాజ్ అను సంగీతసంప్రదాయము యొక్క మర్మమంతయు ఈ ఒక్క పాట చరిత్రలోనే ఇమిడియున్నదని తోచుచున్నది.

ఒక పాటను ఇందరు తిరిగి వాయింపబూనుటకు కారణము ఆ పాట కట్టుబడిలోనే యుండవలెను. దీని కట్టుబడి పైకి సరళము. నాలుగక్షరముల ఆవర్తనములు ముప్పదిరెండు. అవి ఎనిమిదేసి చొప్పున నాలుగు ఖండములు. మొదటి ఖండమే రెండవమారు వినవచ్చి, మూడవచోట వేరొక ఖండము తలయెత్తి, కడపట మొదటిదే మరల వచ్చి ముగియును. ఆనాటి అమెరికా నాటకశాలల పాటలును సినిమాపాటలును పెక్కు ఈ అచ్చులో పోసినవే. కాని మంక్ ఈ పాత అచ్చులో పోసిన ద్రవ్యము వేరు. ఎత్తుగడలో కొన్ని స్వరములు గబగబ పైకెగసి, అంతలో ఏదో జ్ఞప్తికి వచ్చినట్లు నిలిచి, మెల్లగా క్రిందికి ఒరుగును. అట్లు ఒరుగుచుండగా అడుగున మ్రోగు స్వరసంపుటులు, జాజ్‌వారు కార్డ్‌లనునవి, పియానోపై ఒక్కొక్క మెట్టే దిగుచు స్థానము మార్చుచుండును. మన సంగీతమున తంబురా శ్రుతి భూమివంటిది. గాయకుడు ఎంత దూరము విహరించినను అది కదలదు, మరలివచ్చువానికి అది ఎచ్చటనున్నదో తెలియును. జాజ్‌లో కాలిక్రింది భూమియే కదలును. ఇప్పుడు మధురముగా వినిపించిన స్వరము రెండక్షరములు గడచునప్పటికి పొసగనిది కావచ్చును; ఆ కదలికను ముందుగా ఎరిగి, రాబోవు నేలపై కాలూనుటయే ఆ విద్యయందలి సూక్ష్మము.

వాద్యకారులు మొదట పాటను ఒకమారు ఉన్నదున్నట్లు పలికింతురు. పిమ్మట పాటలోని స్వరములను విడిచి, వాని అడుగున నడచిన స్వరసంపుటుల వరుసను మాత్రము నిలుపుకొని, ఆ ముప్పదిరెండు ఆవర్తనముల చుట్టును ఒక్కొక్కరే మరల మరల తిరుగుచు అప్పటికప్పుడు క్రొత్త కల్పన చేయుదురు. ఒక్కొక్క చుట్టును కోరస్ అందురు. మన కల్పనస్వరములకు రాగము హద్దయినట్లు వారికి ఆ వరుస హద్దు. కడపట మరల పాటకు వత్తురు. మంచి వాదనమును గుర్తించుటకు నేనొక పరీక్ష పెట్టుకొంటిని: పాట పలుకని ఆ నడిమి కోరస్‌లలో గూడ పాట నా చెవిలో మ్రోగుచుండవలెను. వేళ్ళ వేగము ఎంతయున్నను ఈ పరీక్షకు నిలువని రికార్డులు నావద్ద చాలగలవు. వానిని రెండవమారు వినలేదు.

1946లో ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ ఈ పాటను రికార్డు చేయునపుడు ముందొక ఉపోద్ఘాతమును, తుదనొక ముక్తాయింపును చేర్చెను. ఆ ఉపోద్ఘాతము ఈ పాటకై పుట్టినది కాదు. అంతకు ముందటి యేడు 'ఐ కాంట్ గెట్ స్టార్టెడ్' అను వేరొక పాటను ముగించుటకు అతడు కల్పించుకొన్నది. అయినను అది ఈ పాటకు ఎంత చక్కగా అమరెననగా, నేడు అది లేక పాట ఎత్తుకొన్నచో ఏదో లోపించినట్లు తోచును. విచిత్రమేమనగా, విలియమ్స్ తన రికార్డులో నడుమ అదనముగా చేర్చిన ఖండమును తరువాతివారు వదలివేసిరి, కాని రచయితలలో ఒకడుగా అతని పేరు నేటికిని అచ్చగుచునే యున్నది. గిలెస్పీ చేర్చినదానిని లోకమంతయు వాయించుచున్నది, రచయితలలో అతని పేరు లేదు. త్యాగరాజస్వామి కృతులకు శిష్యపరంపరలు సంగతులు చేర్చుచు రాగా, ఏ సంగతి స్వామిది, ఏ సంగతి శిష్యునిది అని తేల్చుట ఎంత కష్టమో ఎరిగిన మనకు ఇది దుర్గ్రాహ్యము కాదు. పాటను వాయించినవాడు పాటకు ఋణపడును. కొన్నిచోట్ల పాటయే అతనికి ఋణపడును.

1951లో న్యూయార్కు పోలీసులు మంక్, పవెల్ కూర్చుండిన కారులో మాదకద్రవ్యమును కనుగొనగా, పవెల్‌కు వ్యతిరేకముగా సాక్ష్యము చెప్పుటకు మంక్ నిరాకరించెను. తత్ఫలితముగా అతని క్యాబరే కార్డు, అనగా మద్యమమ్ము క్లబ్బులలో వాయించుటకు ఆనాడు ఆ నగరమున ఉండవలసిన అనుమతిపత్రము, పోయినది; 1957 వరకు తిరిగి రాలేదు. ఏ మిత్రుడు పట్టుపట్టి తన పాటను లోకమునకు అందించెనో, ఆ మిత్రుని నిమిత్తము మంక్ ఆరేండ్లు తన ఊరి క్లబ్బులకు దూరమయ్యెను. కట్టినవాడు వాకిట నిలిచియుండగా, పాట పరుల వాద్యములపై లోపలికి పోయివచ్చుచుండెను.

ఆ కాలముననే ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ దీనిని తనదిగా చేసికొనెను. 1955 జూలైలో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవమున అతడు ఈ పాటను వాయించిన తీరు కొలంబియా రికార్డు కంపెనీతో ఒప్పందమునకు దారితీసినది. ఆనాడు వేదికపై పియానో వద్ద నున్నవాడు మంక్. డేవిస్ తన ఆత్మకథలో చెప్పుకొన్న మాట ఒకటి కలదు: యౌవనమున ఈ పాటను నేర్చుకొనుచు, ప్రతిరాత్రి వాయించి ఎట్లున్నదని మంక్‌ను అడుగగా, సరిగా లేదని మంక్ అనుచునే వచ్చెనట, సరిగా ఉన్నదను మాటకు చాలరాత్రులు పట్టెనట. స్వేచ్ఛకు పేరుపడిన ఈ సంగీతమున ఇంతటి కఠినమైన గురుత్వము ఉండుట నాకు మిక్కిలి గౌరవము కలిగించుచున్నది. మూలమును సరిగా ఎరుగనివాడు దానిని విడిచిపోవుటకు అధికారి కాడు.

1956 సెప్టెంబరు 10న రికార్డయిన డేవిస్ పాఠము ఆ సాధనకు ఫలము. ట్రంపెట్టు మూతికి హార్మన్ మ్యూట్ అను లోహపు బిరడాను బిగించి, దాని నడిమి గొట్టమును తీసివేసి, మైకునకు అతి సమీపమున ఊదుటచేత, ఊరేగింపులలో దిక్కులు మ్రోయించు ఆ వాద్యము చెవిలో రహస్యము చెప్పినట్లు పలికినది. ఆ సన్నని నాదము క్రింద జాన్ కోల్ట్రేన్ టెనర్ శాక్సొఫోను దూరపు తోడువలె మెల్లగా కదలుచుండును. పాట ముగిసి ముగియకమునుపే వాద్యములన్నియు ఒక్కసారి బిగ్గరగా ఘోషించి, ఆ ఘోష తెగినచోటనుండి కోల్ట్రేన్ తన కల్పనను ఎత్తుకొనును. అంతవరకు అణచియుంచిన దుఃఖము అక్కడ కట్టతెగును. అతనికి ఇంకను ముప్పదియేండ్లు నిండలేదు. అయినను ఒకే శ్వాసలో ఎన్నో మాటలు చెప్పవలెనను తొందరలో గూడ పాటను ఒక్కక్షణము మరువలేదు. సుమారు ఆరు నిమిషముల ఈ రికార్డు, డేవిస్ పేరుతో పాటను కలిపి లోకమునకు తెలిపినది. మరుసటి యేడే కోల్ట్రేన్ మంక్ వద్దనే వాయించుచు నేర్చెను.

బెర్నీ హానిఘెన్ సాహిత్యము చేర్చుటచేత గాయకులు గూడ దీనిని చేపట్టిరి. 1961లో ఎల్లా ఫిట్జెరాల్డ్ పాడినది నిర్దుష్టము, నిర్మలము. ఆమె కంఠమున వేదన గూడ స్ఫటికమువలె మెరయును. కాని ఈ పాటకు కొంత గరుకు కావలెనని నా అభిప్రాయము. అది కార్మెన్ మెక్రే కడ లభించును. ఆమె 1988లో ఒక సంపుటము కొరకు మంక్ రచనలను మాత్రమే పాడినది. అప్పటికి మంక్ గతించి ఆరేండ్లు. వయస్సుచే బరువెక్కిన కంఠముతో, ఒక్కొక్క పదమును తూచి తూచి, తాళమునకు వెనుకగా పలుకుచు ఆమె పాడుచుండ, అది అనుభవించినవారి సాక్ష్యమువలె వినవచ్చును. 1986లో బెర్‌ట్రాండ్ తావెర్నియే ఈ పాట పేరుతోనే తీసిన చలనచిత్రమున బాబీ మెక్‌ఫెరిన్ కేవలము తన కంఠముతో డేవిస్ ట్రంపెట్టును తలపించెను.

మూలమునుండి దూరమునకు పోయినవారిలో ఇద్దరిని చెప్పవలెను. 1961లో జార్జ్ రస్సెల్ బృందముతో ఎరిక్ డాల్ఫీ వాయించినది ప్రథమశ్రవణమున భయపెట్టును. అస్పష్టమైన వింతధ్వనుల నడుమనుండి అతని ఆల్టో శాక్సొఫోను ఒక్కసారి వెలికివచ్చి, పాటలోని స్వరములనుండి ఇటు అటు దుముకుచు, అరచుచు, విలపించుచు, అయినను ప్రతి మలుపునను పాటనే పలుకును. నా పరీక్షకు ఇంత దుస్సాహసముతో నిలిచినది వేరొకటి లేదు. 1963లో బిల్ ఎవన్స్ తన పియానోపై తానే మరి రెండు పియానోలను రికార్డు చేసి కలిపిన పాఠమున్నది. గ్రామీ బహుమతి పొందిన సంపుటములోనిది. అందలి ప్రజ్ఞకు నమస్కరింతును గాని, మూడు పియానోల నడుమ మౌనమునకు చోటు దొరకలేదు. ఈ పాటకు మౌనము ప్రాణము.

ఆ మౌనము విలువ మంక్‌కు తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. పియానోపై మన గమకము పలుకదు. రెండు మెట్ల నడుమనున్న స్వరము అందు లేదు. మంక్ ప్రక్కప్రక్కనున్న రెండు మెట్లను ఒకేసారి నొక్కి, ఆ రెంటి ఒరిపిడిలో, లేని స్వరమును వినిపించును. 1957 ఏప్రిల్‌లో అతడు ఒంటరిగా పియానో ముందు కూర్చుండి 'థెలోనియస్ హిమ్‌సెల్ఫ్' అను సంపుటము కొరకు ఈ పాటను వాయించెను. వెలువడిన పాఠము ఆరున్నర నిమిషములకు కొంచెము పైబడినది. దానిని సాధించుటకు నడచిన ప్రయత్నము గూడ టేపుపై నిలిచి, తరువాతికాలమున ఇరువదిరెండు నిమిషముల నిడివితో విడుదలయినది. అందు మంక్ కొంత వాయించి ఆగును, మొదటికి వచ్చును, వాయించినదానినే మరల వాయించి వేరొక దారి పట్టును. సరిగా లేదని డేవిస్‌కు చెప్పినవాడు, పాట రికార్డునకెక్కిన పదమూడేండ్ల పిమ్మట, అదే మాట తనకు తాను చెప్పుకొనుచున్నాడు. ఈ పాటకు గల పాఠాంతరములన్నిటిలో నేను దీనినే అగ్రస్థానమున నిలుపుదును.

జాజ్ వినుట అలవాటులేని పాఠకులు మొదట డేవిస్ రికార్డును, తరువాత మెక్రే గానమును, అటుపిమ్మట మంక్ ఆరున్నర నిమిషముల వాదనమును విందురుగాక. ఆ ఇరువదిరెండు నిమిషముల టేపును మాత్రము రాత్రివేళ, ఇల్లు సద్దుమణిగిన పిదప, నడుమ ఆపక వినవలెనని నా మనవి.