మారిటేనియా తీర్పు - ఒక పరిశీలన

ఆఫ్రికా మానవ, ప్రజా హక్కుల కమిషన్ 2000 మే నెలలో అల్జీర్సు సమావేశంలో మారిటేనియాపై ఇచ్చిన తీర్పు మనం శ్రద్ధగా చదవదగినది. ప్రతివాది స్థానంలో నిలిచింది ఒక ఇస్లామీయ గణతంత్రం. బాధితులూ ముస్లిములే. అందుచేత ఈ ప్రస్తావన తేవడానికి మనలో కొందరు జంకుతారు. జంకెందుకు? అరబ్బుకు అరబ్బేతరునిపై, తెల్లవానికి నల్లవానిపై ఆధిక్యం లేదని దైవప్రవక్త (స) అంతిమ హజ్ నాడే చాటి ఉన్నారు గదా!

1989లో సెనెగల్‌తో తగాదా ముదిరినప్పుడు మారిటేనియా ప్రభుత్వం వేలాది నల్లజాతి పౌరులను సెనెగల్ నది ఆవలికి తరిమివేసింది. వారి గుర్తింపు పత్రాలు లాగుకున్నారు. భూములు, పశువులు పరుల పాలైనాయి. 1990-91లో సైన్యంలోని నల్లవారు నిర్బంధానికి, చిత్రహింసలకు గురైనారు. వందలమంది ప్రాణాలు కోల్పోయారు. దోషులను కాపాడుతూ 1993లో ఒక క్షమాభిక్ష చట్టం వచ్చింది.

దేశంలోని ఏ చట్టమైనా అంతర్జాతీయ బాధ్యత నుండి రాజ్యాన్ని తప్పించజాలదని కమిషన్ నిర్మొహమాటంగా చెప్పింది. చర్మపు రంగును బట్టి సొంత పౌరులనే వేరుగా చూడడం ఆఫ్రికా హక్కుల పత్రం రెండవ అధికరణానికి విరుద్ధమని నిర్ణయించింది. ఇంతవరకు ప్రశంసనీయమే.

బానిసత్వం దగ్గరికి వచ్చేసరికి కలం తడబడింది. 1981 శాసనం బానిసత్వాన్ని రద్దు చేసినా అది సరిగా అమలు కాలేదనీ, బానిసలుగా పరిగణింపబడే మనుషులు ఇంకా కనబడుతున్నారనీ 1996లో అక్కడికి వెళ్ళిన కమిషన్ ప్రతినిధులే గమనించారు. కూలి లేని చాకిరి మానవ గౌరవానికి భంగమని తీర్పే అంటున్నది. అయినా తన ముందున్న సాక్ష్యాలతో బానిసత్వం ఉన్నదని తేల్చలేమని, "బానిసత్వాన్ని పోలిన ఆచారాలు" అన్న మాటతో సరిపెట్టుకున్నది. ఇది న్యాయవాదుల జాగ్రత్త కావచ్చు; కాని యజమాని ఇంట పుట్టి, జీతం ఎరుగక పెరిగిన మనిషికి ఈ తేడా ఏమి ఒరగబెడుతుంది? పేరు పెట్టి పిలవని దోషాన్ని నివారించడం ఎలా? మారిటేనియాలో బానిసత్వాన్ని శిక్షార్హమైన నేరంగా ప్రకటించే చట్టం 2007లో గాని రాలేదు.

ఆలస్యం మరొక లోపం. మొదటి ఫిర్యాదులు 1991లో అందితే, తీర్పుకు తొమ్మిదేళ్లు పట్టింది. వచ్చినది కూడా సిఫారసే; అమలు చేయించే బలం కమిషన్‌కు లేదు. వెళ్ళగొట్టబడినవారికి గుర్తింపు పత్రాలు తిరిగి ఇవ్వమన్నది ఆ సిఫారసులలో ఒకటి. శరణార్థుల వ్యవస్థీకృత పునరాగమనం 2008లో మొదలై 2012లో ముగిసింది. దాదాపు ఇరవై నాలుగు వేల మంది నది దాటి ఇంటికి వచ్చారు. పత్రాల కోసం, పాత పొలాల కోసం వారి తిరుగుడు అప్పుడే మొదలైంది.