చిత్తుప్రతి

తెలుగులో రచన మొదటి రూపానికి ‘చిత్తు’ అని పేరు. దానిని తిరిగి చక్కగా వ్రాయడం ‘సాపు’ చేయడం. కచ్చేరీలలో గుమాస్తాలు నిత్యం వాడుకొన్న మాటలివి. చిత్తు చిత్తుగానే ఉంటుందని వారికి తెలుసును. రచయితలమైన మనకే ఆ సంగతి మరపునకు వస్తున్నది. మొదటి వాక్యమే అచ్చుకు తగి ఉండవలెనని పట్టుపట్టి, రెండవ పుటకు చేరని నవలలు మన మిత్రుల సొరుగులలో ఎన్ని ఉన్నవో! నా సొరుగులోను లేకపోలేదు. చిత్తును చిత్తుగానే అచ్చుకు పంపేవారు వేరొక తెగ; వారి ప్రసక్తి ఇక్కడ లేదు.

ఈ పట్టుదలకు మూలం కొంత మన అవధాన సంప్రదాయంలో ఉన్నదని నాకు తోస్తుంది. సభలో పలికిన పద్యానికి కొట్టివేత లేదు. నోట వెలువడినదే తుదిపాఠం. తిరుపతి వేంకట కవుల వంటివారు ఆ విద్యతో లోకాన్ని మెప్పించిన తరువాత, తడబాటు లేకపోవడమే ప్రతిభకు గుర్తన్న భావం వచన రచయితకు కూడ సంక్రమించినది. కాని అవధాని సైతం పద్యాన్ని ఒక్క ఊపున ముగించడు. ఒక పృచ్ఛకునికి ఒక పాదం చెప్పి, దానిని అట్లే విడిచి, మరొకరివైపు తిరుగుతాడు. నాలుగవ ఆవృత్తి వచ్చినగాని పద్యం పూర్తికాదు. అంతవరకు ఆ అసంపూర్తిని మోయగలగడం ఆ విద్యలో సగం. మనం మెచ్చుకొన్నది తక్కిన సగాన్ని మాత్రమే.

పుదుచ్చేరిలో కూర్చుండి ఈ విషయం తలపోసేవారికి శ్రీ అరవిందుల ‘సావిత్రి’ జ్ఞప్తికి రాక మానదు. 1910లో ఆయన ఈ పట్టణానికి వచ్చారు. అరణ్యపర్వంలోని ఆ కథను—మనకు ఎఱ్ఱన తెనిగించి ఇచ్చినదానినే—ఇంగ్లీషున కావ్యంగా ఎత్తుకొన్న తొలి వ్రాతప్రతి 1916 నాటిది. ఒక మోస్తరు కథాకావ్యం అది. 1950లో కన్ను మూసేవరకు దానిని తిరిగి తిరిగి వ్రాస్తూనే ఉన్నారు. చూపు మందగించిన చివరి సంవత్సరాలలో నీరద్‌బరన్‌కు చెప్పి వ్రాయించారు. అది సుమారు 24,000 పంక్తులకు పెరిగినది. ‘ఇంతకు మించిన పరిపూర్ణతా వ్యామోహం ఉన్నదా?’ అని ఎవరైనా అడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. అయితే దిద్దడానికి ముందు దిద్దదగినది ఒకటి కాగితం మీద ఉన్నదన్న మాట మరువరాదు. పైగా ఆ చేతితోనే ఆయన 1914 ఆగస్టు నుండి 1921 జనవరి వరకు ‘ఆర్య’ మాసపత్రికను నడిపారు. నెలనెలా అనేక గ్రంథాలను ఏకకాలంలో ధారావాహికంగా వ్రాశారు. ‘దివ్యజీవనం’ అట్లు వచ్చినదే. 1919లో ముగిసిన ఆ రచన సంస్కరణ పొంది పుస్తకమైనది 1939–40లో. ఇరువది ఏండ్లపాటు పాఠకుని చేత ఉన్నది తొలిరూపమే గదా!

‘సావిత్రి’లో ఎనిమిదవది మృత్యువును గూర్చిన భాగం. అందులో ఉన్నది ఒక్కటే సర్గ. దానికి వేసిన సంఖ్య మూడు! మొదటిది, రెండవది ఎక్కడను లేవు. తొలిసారి చదివినప్పుడు ముద్రాలయంవారి పొరపాటు అనుకొన్నాను. నిజానికి అది పాత ప్రతిలోని మూడవ సర్గ. కొద్ది మార్పులతో, కొన్ని కొత్త పంక్తులతో అట్లే నిలిచిపోయినది. కావ్యపు తుదిరూపంలో పూర్తిగా కలిసిపోలేదు. సంపాదకులు ఆ పాత సంఖ్యను చెరపకుండా ఉంచారు. అడవిలో సత్యవంతుడు నేలకొరిగే ఘట్టం అది. తక్కిన కావ్యంలోని నిండుదనం అక్కడ లేదు, నిజమే. ఆ పలుచదనం ఆ మరణానికి తగి ఉన్నదనే నా అభిప్రాయం. ఇంకొకసారి చేయి పడి ఉంటే అది మిగిలేదో లేదో!

మన గురజాడ సంగతి మరింత దగ్గరిది. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది. మనం నేడు చదివేది 1909 నాటి పునర్లిఖితం. మధురవాణి పూర్తిగా మధురవాణి అయినది అందులోనే. ఆమె అట్లు ఎదిగేవరకు నాటకాన్ని బయటపెట్టనని ఆయన భీష్మించి ఉంటే, ఆమె ఎదగడానికి చోటెక్కడిది?

అనువాదకునిగా నాకు ఈ బుద్ధి ఆలస్యంగా వచ్చినది. ఒక ఫ్రెంచి కథ మొదటి వాక్యంతో మూడు రోజులు పెనుగులాడి, నాలుగవ నాడు విసిగి, తోచని మాట ఉన్నచోటనెల్లా ఖాళీ విడుస్తూ కథ చివరకంటా పోయాను. వెనుకకు వచ్చి చూస్తే ఖాళీలలో సగం తమంతట తామే నిండినవి. ఏ మాట కావలెనో తరువాతి పుటలు చెప్పినవి. సాపు చేసేటప్పుడు నేను మొట్టమొదట కొట్టివేసినది, మూడు రోజులు చెక్కిన ఆ తొలి వాక్యాన్నే.