మూడు పరీక్షనాళికల పాఠము : పడవ యంత్రము అడిగిన ప్రశ్న

ఇనుము త్రుప్పు పట్టుటను గూర్చిన పాఠము హైస్కూలులో చదివినవారెవ్వరును మూడు పరీక్షనాళికలను మరచియుండరు. మొదటిదానిలో నీరు, గాలి, ఇనుపమేకు. రెండవదానిలో మరగించి గాలిని వెడలగొట్టిన నీరు, దానిపై నూనె పొర. మూడవదానిలో పొడిగాలి, తేమను పీల్చుటకు అనార్ద్ర కాల్షియం క్లోరైడు. కొన్ని దినములకు మొదటి మేకు మాత్రమే త్రుప్పు పట్టును. కనుక త్రుప్పుకు నీరు, గాలి రెండును కావలెనని విద్యార్థి వ్రాసికొనును. ఒక్కొక్క కారణమును వేరుచేసి పరీక్షించు పద్ధతిని ఇంత చౌకగా నేర్పు పాఠములు అరుదు. ఈ గుణమును ముందు ఒప్పుకొని, లోపమును తరువాత చెప్పుట న్యాయము.

కరీంనగరము చెంతనున్న దిగువ మానేరు జలాశయములో యంత్రపు పడవలు నడచుట మనము చూచినదే. అట్టి పడవలపై పనిచేయు నా పూర్వవిద్యార్థి యొకడు ఇట్లడిగెను: "సార్, సముద్రంల తిరిగే బండికి ఉప్పు పడుతదంటే సరే. మన మానేరువి మంచినీళ్లే గద! రోజూ బోరునీళ్లతోని కడుగుతనే ఉన్నం. మరి ఇంజను గదిల వైర్ల కొసలకు ఈ తెల్లపూత ఎక్కడిది?" నాకు వెంటనే సమాధానము తోచలేదు. నేను బోధించిన మూడు నాళికలలో ఏ ఒక్కదానిలోను అది లేదు.

పాఠములోని మొదటి లోపము, ఉప్పు ప్రసక్తి లేకపోవుట. త్రుప్పు పట్టుట విద్యుత్తుతో కూడిన రసాయనచర్య. లోహముమీద ఒకచోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రానులను విడిచి నీటిలో కరగును. మరియొకచోట నీటిలోని ఆమ్లజని ఆ ఎలక్ట్రానులను గ్రహించును. ఎలక్ట్రానులు లోహము గుండా పోవును. ఆ వలయము పూర్తియగుటకు నీటిలో అయానులు సంచరింపవలెను. శుద్ధజలములో అయానులు స్వల్పము, ఉప్పునీటిలో విస్తారము. అల్యూమినియమునకు సహజముగా రక్షణనిచ్చు ఆక్సైడు పొరను క్లోరైడు అయానులు అక్కడక్కడ ఛేదించి గుంటలు చేయును. ఉప్పు తాను ఖర్చు కాకయే ఈ పనులను త్వరపెట్టును.

రెండవ లోపము మరింత విచిత్రమైనది. మూడవ నాళికలో మేకును కాపాడుచున్న కాల్షియం క్లోరైడు కూడ ఒక లవణమే. అది నాళిక అడుగున ఉన్నంతకాలము తేమను తనవైపు లాగికొని మేకును రక్షించును. అదే లవణమును మేకుపై చల్లి బయట ఉంచినచో, గాలిలోని తేమను మేకుమీదికే లాగును. అప్పుడు రక్షకుడే భక్షకుడగును! గాలిలో సాపేక్ష ఆర్ద్రత దాదాపు 30 శాతము దాటిన చాలు, కాల్షియం క్లోరైడు చెమ్మగిల్లును. సోడియం క్లోరైడునకు దాదాపు 75 శాతము కావలెను. వేసవిలో పొడిగా నిద్రించిన ఉప్పు వర్షాకాలమున మేల్కొనుటకు కారణమిదే. వంటింటి ఉప్పుజాడీ ఈ సంగతిని ఏటేట చెప్పుచునే యున్నది. లవణమున్నచోట నీరు పోయవలసిన పనిలేదు, గాలియే తెచ్చి యిచ్చును.

ఇక పడవ యంత్రమును గూర్చిన సలహాలను పరీక్షింతము. 1970 దశాబ్దమున కవాసాకీ సంస్థ జెట్ స్కీ అను పేరుతో ప్రచారములోనికి తెచ్చిన నీటిబండివంటి వాటిలో యంత్రము ఇరుకైన మూతగదిలో ఉండును. తుంపరలు లోపలికి చేరి, వేడికి నీరు ఆవిరియై, ఉప్పు మిగులును. "వాడిన వెంటనే మంచినీటితో కడుగుము" అను సలహా సముద్రతీరమునకు సరియైనదే. సముద్రజలము లీటరులో దాదాపు 35 గ్రాముల లవణములు ఉండును. కాని "మంచినీరు" అనగా ఏ నీరు? త్రాగునీటిలో కరిగిన ఘనపదార్థములు లీటరునకు 500 మిల్లీగ్రాములకు మించకుండుట మేలని భారతీయ ప్రమాణము. వేరు నీరు దొరకనిచో 2000 వరకు అనుమతి. మన ఊళ్లలో పప్పు ఉడకని బోరునీటిని "ఉప్పునీళ్లు" అనుట వట్టి మాట కాదు. జలాశయపు నీటిలో సాధారణముగా లవణములు తక్కువ. కనుక మానేరులో తిరిగిన యంత్రమును కఠినజలముతో కడిగి ఆరబెట్టకుండ మూసినవాడు మురికిని కడిగి లవణమును పూసినవాడగును. వేడికి ఏర్పడిన సున్నపు పూత మరల కడిగినను సులభముగా కరగదు.

తీరపు నియమమును చెరువునకు యథాతథముగ తెచ్చుటలో మరియొక పొరపాటు కలదు. 1824లో హంఫ్రీ డేవీ ఓడల రాగిరేకులకు జింకు, ఇనుము తగిలించి రాగి కరగకుండ చేసెను. ఆ లోహము బలియై రాగి నిలిచెను. కాని రాగి కరగుట ఆగినందున ఓడ అడుగున నాచు, గవ్వపురుగులు పట్టెను! ఒక చోటి లాభము మరియొక చోట నష్టము కావచ్చునని ఈ కథ నేర్పును. నేటికిని సముద్రములో పడవలకు జింకు ముక్కలు అమర్చుదురు. మంచినీటిలో అవే ముక్కలు పొరకట్టి పనిచేయుట మానివేయును. అక్కడ మెగ్నీషియము తగినది.

పాఠమును తీసివేయుమని నా వాదము కాదు, పెంచుమని. నాలుగవ నాళికలో 100 మిల్లీలీటర్ల నీటికి 3.5 గ్రాముల ఉప్పు, ఐదవదానిలో ఇక కరగనంత ఉప్పు వేసి మేకులు ఉంచుడు. ఉప్పు పెరిగినకొలది త్రుప్పు పెరుగునని ఊహించు విద్యార్థి ఐదవదానిని చూచి ఆశ్చర్యపడును. గాఢమైన ఉప్పునీటిలో ఆమ్లజని తక్కువగా కరగును కదా! ఆరవ మేకుపై కాల్షియం క్లోరైడు చల్లి గాలిలో విడువుడు.

నా విద్యార్థి తెల్లపూతను గీకి తేగా మేము పరీక్షించితిమి. కొంత నీటిలో కరగలేదు. దానిపై సజల ఆమ్లము వేయగా బుసబుస పొంగినది, అనగా కార్బొనేటు. కరిగిన భాగమునకు సజల నత్రికామ్లము, సిల్వర్ నైట్రేటు కలుపగా తెల్లని అవక్షేపము వచ్చినది, అనగా క్లోరైడు. అతడు ఇప్పుడు తక్కువ లవణములుగల నీటిని తక్కువ ఒత్తిడితో వాడి, అడుగు బిరడాలు తీసి, నీరంతయు కారిపోనిచ్చి, మూత తెరచి ఆరబెట్టి, బ్యాటరీ కొసలకు గ్రీజు పూయుచున్నాడు. యంత్రము లోపలి గొట్టములను కడుగునపుడు మాత్రము తయారీదారుని పుస్తకమును అనుసరింపవలెను. క్రమము తప్పినచో నీరు సిలిండరులోనికి చేరు ప్రమాదము కలదు.

ప్రయోగము పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టును. అదే ప్రయోగము ప్రక్క ఊరి చెరువుగట్టున అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పగలిగిననాడు శాస్త్రమగును. ఉపాధ్యాయ మిత్రులు ఈ యేడు ఆ మూడు నాళికల ప్రక్కన మరి మూడింటిని నిలుపుదురుగాక.