కర్ర పొడవే గది వెడల్పు

పాత కట్టడంలో అడుగుపెడితే నా చూపు ముందు పైకప్పు మీదికే పోతుంది. అనంతపురం జిల్లా చవుడు మిద్దెల్లో పెరిగినవాళ్లకి ఈ జబ్బు మామూలే. దూలం ఏ చెట్టుది, దంతెలు ఎంతెంత దూరంలో వేశారు, ఎక్కడ కురుస్తోంది... ఇవి తేలాకే గోడల సంగతి.

దుబాయ్‌లో దేరా వైపు, గోల్డ్ సూక్ సందడి దాటి అల్ రాస్ సందుల్లోకి వెళ్తే అల్ అహ్మదియా స్కూలు. ముత్యాల వర్తకుడు అహ్మద్ బిన్ దల్మూక్ తలపెట్టగా 1912లో మొదలైంది. దుబాయ్‌లో ఒక పద్ధతిగా నడిచిన మొదటి బడి ఇదేనంటారు. తర్వాత దుబాయ్‌ని ఏలిన షేక్ రాషిద్ ఇక్కడే చదువుకున్నారు. నడుమ ఆరుబయలు, చుట్టూ కమానుల వసారా, వెనక సన్నటి గదులు.

ఆ సన్నదనానికి కారణం పైనుంది. కప్పుకి వేసినవి తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చిన మడచెట్టు కర్రలు. ఇక్కడివాళ్లు చందల్ అంటారు. కర్ర ఎంత సాగితే గది అంతే వెడల్పు. నిడివి మాత్రం ఎంతైనా లాగొచ్చు. మా ఊరి మేస్త్రీలూ దూలం చూశాకే ముగ్గు పోసేవారు.

గోడలది మరో కథ. సముద్రంలోంచి తీసిన పగడపు రాయి, దానిమీద జిప్సం పూత. తేలికైన రాయి, ఒళ్లంతా బొరియలు, ఎండ వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. కానీ దాని ఒంట్లోనే ఉప్పుంది. చెమ్మ తగిలితే కరుగుతుంది, ఆరితే గడ్డకట్టి పూతను పొక్కించి రాలుస్తుంది. సిమెంటు పూశామా, చెమ్మ లోపలే చిక్కి రాయినే తినేస్తుంది. కాబట్టి గాలాడే పూతే వేయాలి, రాలినప్పుడల్లా మళ్లీ వేయాలి. వానలకు ముందు మిద్దె మీద చవుడు పోయడం లాంటి పనే, ఎన్నటికీ తీరదు.

బడిని నిలబెట్టింది ముత్యాల సొమ్ము. ఆ ముత్యాలు బొంబాయి బజారుకే వచ్చేవి, దుబాయ్‌లో చలామణి అయిందీ మన రూపాయే. హైదరాబాద్ పత్తర్‌గట్టీలో బస్రా ముత్యాలని చెప్పేవి ఈ గల్ఫ్ నీళ్లవే. ప్రపంచ మాంద్యానికి జపాన్ పెంపుడు ముత్యాలు తోడై ఆ వ్యాపారాన్ని కూల్చాయి. 1932లో బడి మూతపడింది. 1937లో ప్రభుత్వ సాయంతో మళ్లీ తెరుచుకుంది. 1963లో పిల్లలు పెద్ద భవనానికి మారిపోయారు. ఖాళీ అయిన పాతదాన్ని 1990లలో బాగుచేసి మ్యూజియం చేశారు.

నేను చూసినప్పుడు గదుల్లో పంతులుగారి బొమ్మ, చుట్టూ పిల్లల బొమ్మలు కూర్చోబెట్టి ఉన్నాయి. నాకు రుచించలేదు. బడి ఎలా ఉంటుందో బొమ్మలు చెప్పాలా? ఆ నున్నటి పూతలో ఒక మూరెడు మేర వదిలేసి, లోపలి పగడపు రాయిని ముట్టుకోనిస్తే చాలు.