నోరు తెరిపించే ఉద్యోగం

దక్షిణ కొరియా బడుల్లో నెల మారేసరికి మధ్యాహ్న భోజనాల పట్టిక వస్తుంది. రోజుకో గడి. గడిలో అన్నం, సూప్, రెండు మూడు కూరలు, కిమ్చి. ఒక్కో వంటకం పక్కన సన్నటి అక్షరాల్లో అంకెలుంటాయి. అవి ధరలు కావు, కేలరీలూ కావు. ఒంటికి పడని పదార్థాలు ఏ వంటలో ఉన్నాయో పిల్లలకు తెలియడానికి పెట్టిన గుర్తులు. 1 గుడ్డు, 2 పాలు, 4 వేరుశనగ, 9 రొయ్యలు, 10 పంది మాంసం, 15 కోడి, 16 గొడ్డుమాంసం. అలా 19 దాకా వెళ్తుంది. కొరియన్ ముక్క రాకపోయినా ఈ అంకెలు కంఠతా వస్తే బడిలో పస్తుండే అవసరం రాదు. నేను గొడ్డుమాంసం తినను కాబట్టి అక్కడ అడుగుపెట్టాక శ్రద్ధగా చదివిన మొదటి కాగితం ఈ పట్టికే. ఆ తర్వాత నా ఇంగ్లీషు పాఠాలు చాలావరకు దాని చుట్టూనే అల్లుకున్నాను.

ఇంగ్లీషు చెప్పడానికి తెలుగువాళ్ళు కొరియా వెళ్ళడమేమిటని మా బంధువుల్లో చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ పనికిచ్చే ఈ-2 వీసాకు మామూలుగా ఏడు దేశాల పాస్‌పోర్టులే చెల్లుతాయి: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం మనకు ఒక చిన్న కిటికీ తెరిచింది. ఇంగ్లీషులో డిగ్రీ, టీచరుగా అర్హత పత్రం ఉన్న భారతీయులను అక్కడి బడుల్లో సహాయ ఇంగ్లీషు టీచర్లుగా తీసుకోవచ్చు. నేను వెళ్ళింది ఆ కిటికీలోంచే. పడిన చోటు దక్షిణ జొల్లా రాష్ట్రంలో, రెల్లుపొదల తీరానికి పేరున్న సున్‌చన్ పట్టణం. పట్టణంలో ఒక ప్రాథమిక పాఠశాల. వారంలో కొన్ని రోజులు బస్సెక్కి వెళ్ళే ఒక పల్లె బడి.

పొద్దున్నే గుమ్మంలో బూట్లు విప్పి లోపల వేసుకునే చెప్పులు తొడుక్కోవడంతో పని మొదలవుతుంది. పిల్లలకూ, టీచర్లకూ, ప్రిన్సిపాలుకూ అదే పద్ధతి. ఒక్కో పీరియడు 40 నిమిషాలు. ఇంగ్లీషు మూడో తరగతి నుంచి మొదలు. 1997 నుంచి ఈ ఏర్పాటు ఉంది. మూడు, నాలుగు తరగతులకు వారానికి రెండు పీరియడ్లు, ఐదు, ఆరు తరగతులకు మూడు. మాలాంటి వాళ్ళ ఒప్పందంలో వారానికి 22 పీరియడ్లుంటాయి. మిగతా వేళల్లో పాఠాలకు బొమ్మలు కత్తిరించుకోవడం, ఆటలు తయారు చేసుకోవడం. క్లాసులో మేం ఒంటరిగా ఉండం. కొరియన్ టీచరు ఒకరు పక్కన ఉంటారు. వారినే కో-టీచరు అంటాం.

మొదటి రోజు క్లాసులోకి వెళ్ళి "హౌ ఆర్ యూ?" అన్నాను. ముప్పై గొంతులు ఒక్కసారిగా "ఐ యామ్ ఫైన్ థ్యాంక్యూ అండ్ యూ" అన్నాయి. మధ్యలో ఊపిరి తీసుకున్నవాడు లేడు. కొరియాలో చదువుకున్న ఏ వయసు మనిషిని అడిగినా ఇదే వస్తుంది. మన ఊళ్ళలో ఎక్కాలు అప్పజెప్పినంత ధాటిగా వస్తుంది. అది ప్రశ్నకు జవాబు కాదు. పిల్లవాడికి జ్వరంగా ఉన్నా అదే అంటాడు. అందుకని ఆ ప్రశ్న మానేసి భోజనాల పట్టిక పట్టుకున్నాను. ఇవాళ ఏం పెడుతున్నారు? నీకిష్టమా? ఎందుకు ఇష్టం లేదు? పుట్టగొడుగులంటే నీకేం కోపం? కొరియన్ బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం కంటే ముఖ్యమైన విషయం లేదు. చాలా బడుల్లో బుధవారం వంటలు కాస్త ప్రత్యేకంగా ఉంటాయి, ఆ రోజు పీరియడు పొద్దున పడిందంటే ఇక చెప్పనక్కర్లేదు. చెప్పాలన్న ఆత్రం ఉన్నచోట మాట దానంతటదే దారి వెతుక్కుంటుంది.

పల్లె బడిలో మూడో తరగతి కుర్రాడు ఒకడు. తరగతి మొత్తం చిన్న బల్ల చుట్టూ సరిపోయేంత మంది. ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సగటు 2023లో 0.72కి పడిపోయిన దేశంలో చాలా పల్లె బడులు అలాగే ఉన్నాయి. ఆ రోజు మియొక్‌గుక్ పెట్టారు, అంటే సముద్రపు నాచు సూప్. అందులో తరచూ గొడ్డుమాంసం ముక్కలు వేస్తారు. నేను పళ్ళెంలో అన్నం, ఆకుకూర వేసుకుని వచ్చి పిల్లల బల్ల దగ్గర కూర్చున్నాను. వాడు నా పళ్ళెం చూశాడు, గోడ మీది పట్టిక చూశాడు, మళ్ళీ నా వైపు తిరిగి "టీచర్, టుడే సిక్స్‌టీన్. యూ నో ఈట్. ఐ ఈట్, ఓకే?" అన్నాడు. నా వంతు సూప్ తనకు కావాలని! ఆ మూడు ముక్కల్లో వ్యాకరణం ఎక్కడా లేదు. కానీ గమనింపు ఉంది, కారణం ఉంది, బేరం ఉంది, మర్యాద ఉంది. ఎవరూ నేర్పని వాక్యాన్ని తన అవసరం కోసం తనే కట్టుకున్నాడు. నేను దిద్దలేదు. లేచి వెళ్ళి సూప్ తెచ్చి వాడికిచ్చాను. ఇంగ్లీషులో అడిగితే పని జరుగుతుందని ఆ పిల్లాడికి తెలియడం ఆ రోజుకు చాలు. "యూ డోంట్ ఈట్" అనడం తర్వాత క్లాసులో, అందరికీ కలిపి, వాడి పేరెత్తకుండా చెప్పాను.

ఉచ్చారణ దగ్గర మాత్రం తెలుగువాళ్ళకు ఒక మేలు ఉంది. కొరియన్ నాలుకకు కొన్ని హల్లులతో మాట ముగించడం, రెండు హల్లులు కలిపి పలకడం కష్టం. నడుమ ఒక పొట్టి అచ్చు దూరుతుంది. ఒక్క దెబ్బలో పలకాల్సిన 'స్ట్రైక్' వాళ్ళ నోట ఐదు దెబ్బలవుతుంది: సు-తు-రా-ఇ-కు. ఐస్‌క్రీమ్‌దీ అదే కథ. మరి మనం? బస్సు, కారు, బల్బు, పెన్ను. అచ్చు లేకుండా మాట ముగిస్తే మన నోటికి తృప్తి ఉండదు. 'జూ', 'జీరో' అనేటప్పుడు ఇంగ్లీషువాళ్ళ శబ్దం మనకూ లేదు, వాళ్ళకూ లేదు. ఒకరోజు బోర్డు మీద తెలుగులో 'బస్సు' అని రాసి చదివి వినిపించాను. వాళ్ళ 'బొసు' పక్కన అది వినగానే క్లాసంతా నవ్వు. ఆ తర్వాత బల్ల మీద వేళ్ళతో దెబ్బలు కొడుతూ మాటలు పలికే ఆట పెట్టాను. స్ట్రైక్‌కి ఒకటే దెబ్బ. బేస్‌బాల్ పిచ్చి ఉన్న పిల్లలు కాబట్టి పది నిమిషాల్లో అదనపు అచ్చులు రాలిపోయాయి. పరాయి భాషను కష్టపడి నేర్చుకున్న వాళ్ళకు నాలుక ఎక్కడ తట్టుకుంటుందో అనుభవంలో తెలిసి ఉంటుంది. టీచరు పనికి ఇది చాలా పెద్ద పెట్టుబడి.

కో-టీచరు గురించి చెప్పకుండా ఈ ఉద్యోగం గురించి చెప్పినట్టు కాదు. నాకు దొరికినామె ఎంతో మంచి మనిషి. ఇమిగ్రేషన్ ఆఫీసు, బ్యాంకు ఖాతా, గ్యాసు బిల్లు, చెత్త ఏ రోజు ఏ సంచిలో వేయాలో చెప్పడం, అన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. సొంత పనికి అదనంగా చేసింది. క్లాసులో మాత్రం ఒక చిక్కు ఉండేది. నేను ఇంగ్లీషులో ఒక వాక్యం అనగానే, పిల్లలు తెల్లబోతారేమోనన్న జాలితో ఆమె వెంటనే కొరియన్‌లో చెప్పేసేది. దాంతో పిల్లలు నా మాట వినడం మానేసి ఆమె మాట కోసం చూసేవాళ్ళు. ఒక సాయంత్రం కాఫీ తాగుతూ ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నేను మాట్లాడాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టే దాకా ఇద్దరమూ నోరు విప్పకూడదు. మొదట్లో ఆ ఐదు అంకెలు ఎంతో దీర్ఘంగా అనిపించేవి. మూడు దగ్గర ఎవరో ఒకరు సగం మాట అనేవాళ్ళు. నాలుగు దగ్గర పక్కవాడు మిగతా సగం అందించేవాడు. భాషా బోధనలో పనిముట్టు ఏదని నన్నడిగితే ముందుగా ఈ మౌనాన్నే చెబుతాను. తెలుగు రాష్ట్రాల బడుల్లోనూ ఇదే కొరవడిందని నా అభిప్రాయం. ప్రశ్న వేసి, జవాబు కూడా మనమే చెప్పేస్తాం.

అన్ని నోళ్ళూ అలా తెరుచుకోవు. పట్టణం బడిలో ఆరో తరగతి అమ్మాయి ఒకతి ఉండేది. బడి అయ్యాక హాగ్వన్‌కు, అంటే ప్రైవేటు కోచింగు సెంటరుకు వెళ్ళేది. అక్కడ రోజూ మాటల పరీక్ష. నేను వేసే ప్రశ్నల్లోని ప్రతి మాటా ఆమెకు తెలుసు. స్పెల్లింగ్‌లో తప్పు రాదు. కానీ నిన్న ఏం చేశావమ్మా అంటే కళ్ళు బల్ల మీదికి దిగిపోయేవి. తప్పు వస్తుందన్న భయం. తప్పుకు మార్కు పోతుందని నేర్చుకున్న పిల్ల కదా. క్లాసు ముందు మాట్లాడమనడం మానేసి, ముందు పక్క పిల్ల చెవిలో చెప్పమన్నాను, తర్వాత కాగితం మీద, ఆ తర్వాతే పైకి. నెలలు పట్టింది. ఎవరూ అడక్కుండా తనంతట తను నాతో అన్న మొదటి మాట "ఐ యామ్ వెరీ స్లీపీ". నిజం చెప్పింది పిల్ల. సియోల్‌లో రాత్రి 10 దాటాక హాగ్వన్‌లు పాఠాలు చెప్పకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. దాన్ని 2009లో రాజ్యాంగ న్యాయస్థానం సమర్థించాల్సీ వచ్చింది. నిబంధన దాకా వెళ్ళిందంటే పిల్లల నిద్ర ఎంత కరువైందో ఊహించుకోవచ్చు.

ఇదంతా ఎక్కడికి చేరుతుందంటే సునుంగ్ అనే ఒక్క పరీక్ష దగ్గరికి. నవంబరులో ఒక గురువారం జరిగే కాలేజీ ప్రవేశ పరీక్ష అది. ఇంగ్లీషు పేపరు 70 నిమిషాలు, 45 ప్రశ్నలు. అందులో 17 విని రాయాల్సినవి. ఆ వినే భాగం జరిగే 35 నిమిషాలు దేశమంతటా విమానాలు దిగవు, ఎగరవు. పిల్లల చెవికి ఆటంకం రాకూడదని ఆకాశాన్నే ఆపే దేశం అది, ఆ శ్రద్ధకు దణ్ణం పెట్టాలి. కానీ ఆ పేపర్లో మాట్లాడాల్సిన ప్రశ్న ఒక్కటీ లేదు. మాట్లాడటాన్నీ రాయడాన్నీ కొలిచే జాతీయ పరీక్ష ఒకటి 2012లో మొదలుపెట్టి కొన్నేళ్ళకే ఎత్తేశారు. 2017 నవంబరు పరీక్ష నుంచి ఇంగ్లీషులో పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చడం మాని, 90, ఆపైన వచ్చిన వాళ్ళందరికీ మొదటి గ్రేడు ఇస్తున్నారు. అది మంచి మార్పు. అయినా మాట్లాడటం పరీక్షకు బయటే ఉండిపోయింది. పరీక్షలో లేనిదాన్ని పట్టించుకునే తీరిక ఏ పిల్లకూ ఉండదు. మా పీరియడు ఆ తీరిక కోసమే ఉందని నేను నమ్మాను. వారం మొత్తంలో తప్పుకు మార్కు పోని ఇంగ్లీషు అదొక్కటే.

సెలవుల సంగతి క్లుప్తంగా చెబుతాను. పిల్లలుండరు, మనం వెళ్ళాలి. ఇంగ్లీషు క్యాంపు నడిపే రోజులు హాయిగా గడుస్తాయి. మిగతా రోజులు చలికి బిగుసుకున్న ఖాళీ బడిలో కుర్చీలో కూర్చోవడమే. అది ఎవరికీ ఉపయోగం లేని నిబంధన. ఇంకో బాధ ఫిబ్రవరిలో వస్తుంది. అక్కడి ప్రభుత్వ టీచర్లకు కొన్నేళ్ళకోసారి బదిలీ తప్పదు. కొత్త విద్యా సంవత్సరం మార్చిలో మొదలవుతుంది కాబట్టి ఫిబ్రవరిలో పేర్లు బయటికొస్తాయి. మా కో-టీచరు అలాగే వెళ్ళిపోయింది. ఐదు అంకెల ఒప్పందం కొత్తామెతో మళ్ళీ మొదటి నుంచి కుదుర్చుకోవాల్సి వచ్చింది.

మే 15 వాళ్ళ ఉపాధ్యాయ దినోత్సవం. హంగుల్ లిపిని రూపొందించిన సేజోంగ్ రాజు పుట్టినరోజు అది. 2016లో వచ్చిన అవినీతి నిరోధక చట్టం తర్వాత పిల్లలు టీచర్లకు విడివిడిగా చిన్న కానుక కూడా ఇవ్వకూడదు. ఆ రోజు నా బల్ల మీద ఏమీ లేకపోవడం నాకు నచ్చింది. బదులుగా వరండాలో ఒక్కొక్కరే వచ్చి ఇంగ్లీషులో ఒక మాట చెప్పి వెళ్ళారు. కొన్ని మాటలు అర్థం కాలేదు, కానీ ఏదీ అప్పజెప్పిన వాక్యం కాదు.

'వొనొమిన్' టీచరు అంటారు మమ్మల్ని అక్కడ, ఇంగ్లీషు మాతృభాషగా గలవారని. ఆ హోదా పాస్‌పోర్టును బట్టి, తరచూ దరఖాస్తు మీద అతికించిన ఫోటోను బట్టి వస్తుంది. నాతో పనిచేసిన వాళ్ళలో మంచి కెనడా టీచర్లున్నారు, మంచి దక్షిణాఫ్రికా టీచర్లున్నారు. వాళ్ళను మంచి టీచర్లను చేసింది పుట్టుక కాదు, పిల్లవాడు సగం మాట దగ్గర ఆగినప్పుడు ఓపిక పట్టడం. ఆ ఓపికను ఏ వీసా నిబంధనా కొలవదు. కొలవాలి.

బి.ఎడ్. చేసి అటువైపు చూస్తున్న మన పిల్లలకు మూడు మాటలు. డిగ్రీ, టీచరు అర్హత పత్రం, పోలీసు ధ్రువపత్రం అపోస్టిల్ చేయించుకోవడానికి బాగా సమయం పడుతుంది, ముందే మొదలుపెట్టండి. విమానం ఎక్కకముందే హంగుల్ నేర్చుకోండి. 24 మూలాక్షరాలు, 56 అక్షరాలు దిద్దిన మనకు అదేమంత పని కాదు. చివరిది అన్నిటికంటే ముఖ్యం. హాగ్వన్‌లో ఉద్యోగం ఖాయం, టూరిస్టు వీసా మీద వచ్చేయండి అనే ఏజెంటుకు పైసా ఇవ్వకండి. భారత్-కొరియా ఒప్పందం మనకు తెరిచింది బడులనే. భారతీయ పాస్‌పోర్టుతో వెళ్ళి హాగ్వన్‌లో ఇంగ్లీషు చెప్పడానికి ఈ దారిలో అనుమతి లేదు.